బిందె మీద పేరు

గుర్రాలమిట్ట బజారులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే చెంగల్రాయుడు అన్నివిధాలా మంచివాడే గానీ, తన గొప్ప తాను చెప్పుకోవడం మొదలుపెట్టాడంటే మాత్రం ఇక బ్రేకులు పడేవి కావు.

వ్యాపారంలో అతనికి వంక పెట్టేవాళ్ళు లేరు. తూకంలో మోసం ఉండేది కాదు. పెళ్ళికో గృహప్రవేశానికో సామాను కొన్నవాళ్ళకు బిందెల మీద, గిన్నెల మీద పేర్లు తనే వేసిచ్చేవాడు. అందుకోసం పెన్ను లాంటి చిన్న కరెంటు మిషను గల్లాపెట్టె పక్కనే పెట్టుకుని ఉండేవాడు. దాన్ని గుర్రుమనిపిస్తూ అతను రాస్తుంటే అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా పడేవి. పేర్లు వేసే విషయంలో వాళ్ళ నాన్న అతనికి ఒక మాట చెప్పిపోయాడు. ఎవరి సామానో వాళ్ళ పేరే వేయాలి, ఎవరడిగినా సరే. చెంగల్రాయుడు ఆ మాట ఎన్నడూ దాటలేదు.

ఒకసారి ఒక పెద్దమనిషి పెద్ద అండా ఒకటి ఆటోలో వేసుకుని వచ్చాడు.

"దీని మీద పాత పేరు కనపడకుండా గీకేసి నా పేరు వేయబ్బా" అన్నాడు.

"ఎవరిది సామీ ఈ అండా?" అని అడిగాడు చెంగల్రాయుడు.

"మా బావమరిదిది. ఎన్నో ఏండ్ల నుంచి మా ఇంట్లోనే వాడతాండాం."

"వాడకం మీ ఇంట్లో ఉండచ్చు. సొమ్ము ఆయనది. పేరు కూడా ఆయనదే ఉండాల" అని చెంగల్రాయుడు ఆ పెద్దమనిషికి టీ తెప్పించి, మర్యాదగా అండాతో సహా ఆటో ఎక్కించి పంపేశాడు. ఈ సంగతి కూడా తర్వాత కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడనుకోండి.

ఇలా ఉండగా చెంగల్రాయుడికి ఒంట్లో చక్కెర ఎక్కువైంది. రోజంతా గల్లాపెట్టె ముందు కూర్చుంటే ఇంతేనని డాక్టరు కోప్పడ్డాడు. ఏ పని చేసినా ఘనంగా చేయడం అతని అలవాటు కాబట్టి, మదనపల్లెకు పోయి గేర్ల సైకిలు కొన్నాడు. హెల్మెట్టు కొన్నాడు. ఒంటికి అతుక్కునే బట్టలు కూడా కొన్నాడు. అవి వేసుకుని మొదటిసారి బజారులోకి వచ్చిన రోజు కూరగాయలమ్మేవాళ్ళు బేరాలు ఆపి మరీ చూశారు. అతని భార్య సుభాషిణి వారం రోజులు బజారుకు రాలేదు.

నిజం చెప్పాలంటే సైకిలు అతనికి మేలే చేసింది. పొట్ట తగ్గింది, నిద్ర బాగా పట్టింది. అక్కడితో ఆగితే మనకు ఈ కథ ఉండేది కాదు.

గుర్రాలమిట్టకు ఆనుకుని జింకలకొండ ఉంది. దాని మీదుగా ఘాట్ రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోయి, అవతల మదనపల్లె వైపు దిగుతుంది. ఊళ్ళో పండే టమోటాలన్నీ లారీల్లో ఆ దారినే మార్కెట్టుకు పోతాయి. ఆ రోడ్డులో సగం దాటాక ఎద్దుల మలుపు అని ఒక మలుపు ఉంది. బండ్ల కాలంలో ఎద్దులు అక్కడికి రాగానే కాళ్ళు తన్నిపెట్టి నిలబడిపోయేవట. ఇప్పటికీ లోడు లారీలు అక్కడ మూలుగుతూ, నడిచే మనిషి కంటే కొంచెమే వేగంగా ఎక్కుతాయి.

ప్రతి ఆదివారం తెల్లవారాక చెంగల్రాయుడు కొండ కింద టీ కొట్టులో ఒక టీ తాగి సైకిలెక్కేవాడు. తిరిగొచ్చి కొట్టు తెరిచాక ఆ సంగతే మాట్లాడేవాడు.

"ఇంతోటి కొండ కూడా ఒక కొండేనా? కింద తాగిన టీ రుచి నాలుక మీద పోకముందే నేను పైనుంటా" అనేవాడు.

ఊళ్ళో ఇంకెవరికీ గేర్ల సైకిలు లేదు. పోటీ లేదు కాబట్టి అనుమానమూ లేదు. అతని కూతురు హారిక బళ్ళో ఈ మాట చెప్పి చెప్పి, తండ్రి కంటే ఇంకొంచెం పెంచి చెప్పేది.

కానీ అసలు సంగతి వేరే ఉంది. టమోటా లారీల వెనక టార్పాలిన్ కట్టిన తాడు కొసలు వేలాడుతూ ఉంటాయి. ఎద్దుల మలుపు దగ్గరికి రాగానే చెంగల్రాయుడికి ఊపిరి అందేది కాదు. మొదటిసారి ఏదో తూలిపడబోయి పక్కనే పోతున్న లారీ తాడు పట్టుకున్నాడు. తాడు పట్టుకుంటే సైకిలు దానంతటదే పోతోంది. చల్లగాలి కూడా తగులుతోంది. ఆ లారీ మస్తాన్‌ది. మస్తాన్ అద్దంలో చూశాడు, నవ్వుకున్నాడు, మనిషి పడిపోకూడదని ఇంకా మెల్లగా నడిపాడు. మలుపు దాటాక చెంగల్రాయుడు తాడు వదిలేసి చెయ్యి ఊపాడు. ఆ ఆదివారం నుంచి అది అలవాటైపోయింది. మస్తాన్ లారీ వచ్చేదాకా టీ కొట్టు దగ్గర ఏదో ఒక మాట పెట్టుకుని కూర్చోవడం, లారీ కదలగానే వెనకే బయలుదేరడం.

ఇది దొంగతనమని చెంగల్రాయుడికి ఏనాడూ అనిపించలేదు. 'సైకిలు నాది, కాళ్ళు నావి, చెమట నాది. తాడొక్కటే కదా మస్తాన్‌ది' అనుకునేవాడు. అలా అనుకున్న కొద్దీ తాడు సన్నమవుతూ వచ్చి, చివరికి మనసులోంచి పూర్తిగా మాయమైపోయింది. కొండ తానే ఎక్కుతున్నానని అతను నిజంగా నమ్మాడు.

ఆ ఏడాది చలికాలం ముందు ఊరంతా గుప్పుమనే కబురొకటి వచ్చింది. సైకిలు పందేలే బతుకుతెరువుగా ఉన్న పెద్ద పెద్ద ఆటగాళ్ళు దేశమంతటి నుంచి వచ్చి, ఛాంపియన్‌షిప్పు కోసం జింకలకొండ రోడ్డు మీద పోటీ పడతారట. మైదానంలో చాలా దూరం తొక్కి, చివర్లో కొండెక్కి, పైన గెలుపు గీత దాటాలట. పందేనికి ముందురోజు అదే దారిలో మామూలు వాళ్ళు కూడా తొక్కి చూడవచ్చట. సైకిలు దిగకుండా కొండ పైదాకా వచ్చిన ఊరివాళ్ళు ఎవరైనా ఉంటే, మర్నాడు గెలుపు గీత దగ్గర జెండా ఊపే గౌరవం వాళ్ళకే ఇస్తారట.

ఇంకేముంది. ఊరంతా చెంగల్రాయుడి వైపు చూసింది. చెంగల్రాయుడు మీసం సవరించుకున్నాడు.

ఆ రాత్రే కొట్టులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద బిందె దించి, మిషను తీసి, 'జింకలకొండ ఎక్కిన చెంగల్రాయుడు' అని పేరు వేసుకున్నాడు. అక్షరాలు ఎంతో అందంగా కుదిరాయి. పేరు మరీ అంచుకు ఆనకూడదని పైన కొంచెం ఖాళీ కూడా వదిలాడు. దాన్ని కొట్టు ముందు అందరికీ కనపడేట్టు బల్ల మీద పెట్టాడు.

సుభాషిణి దాన్ని చూసి, "ఎక్కినాంక వేయచ్చు గదండీ పేరు. తొందరేమొచ్చింది?" అంది.

"ఎన్నిసార్లు ఎక్కలేదు నేను? ఇంకోసారి ఎక్కేదానికి అంత ఆలోచనెందుకు?" అన్నాడు చెంగల్రాయుడు.

"నాన్నా, మా క్లాసు వాళ్ళందరూ చూడ్డానికి వస్తామన్నారు" అంది హారిక. ఆ పిల్ల సంతోషం చూస్తే కొండ దానంతటదే వంగి కూర్చునేట్టుంది.

చెప్పిన రోజు రానే వచ్చింది. ఊరివాళ్ళు అవతలి వైపు రోడ్డు నుంచి బస్సుల్లో కొండ పైకి చేరుకున్నారు. చెంగల్రాయుడు కింద టీ కొట్టు దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే టీ తాగి, ఎప్పటిలాగే రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. రంగురంగుల బట్టల్లో ఆటగాళ్ళు ఒక్కొక్కరే కొండెక్కిపోతున్నారు. మస్తాన్ లారీ రాలేదు. ఇంకో టీ తాగాడు. ఏ లారీ రాలేదు.

రోడ్డుకు అడ్డంగా పెట్టిన బారికేడ్ల దగ్గర నిలబడి ఉన్న కానిస్టేబులు ఇదంతా చూసి, "ఎవరికోసమన్నా కాచుకోనుండావు?" అని అడిగాడు.

"లారీలు ఇంకా రాలేదే అని" అన్నాడు చెంగల్రాయుడు నోరు జారి.

"లారీలా? ఈరోజూ రేపూ ఈ రోడ్డులో చీమను కూడా పోనియ్యం. పందెం అయిపోయేదాకా సైకిళ్ళే. దారంతా నీదే, రాజా మాదిరి పో."

ఇంత చిన్న సంగతి ముందే ఎందుకు తోచలేదో చెంగల్రాయుడికే అర్థం కాలేదు. పందెమంటే రోడ్డు మూసేస్తారని ఎవరికైనా తెలుస్తుంది. తాడును మనసులోంచి తీసేసినవాడికి లారీ మాత్రం ఎలా గుర్తొస్తుంది?

వెనక్కి తిరిగి ఇంటికి పోవచ్చు. కానీ పైన హారిక ఉంది, హారిక వెంట క్లాసు మొత్తం ఉంది, కొట్టు ముందు బిందె ఉంది. 'ఇన్నేండ్లుగా తొక్కుతున్నా కదా, ఆ ఒక్క మలుపు ఎక్కలేనా?' అని తనకు తాను ధైర్యం చెప్పుకుని సైకిలెక్కాడు.

మొదటి మలుపులు బాగానే సాగాయి. కొండ గాలి హాయిగా ఉంది. లారీ పొగ లేకపోయేసరికి సీతాఫలం చెట్ల వాసన మొదటిసారి అతని ముక్కుకు తగిలింది. కోతులు పిట్టగోడ మీద కూర్చుని అతన్ని చూశాయి. ఫరవాలేదనుకున్నాడు. తర్వాత ఎద్దుల మలుపు వచ్చింది.

రోడ్డు ఎదురుగా గోడలా లేచి నిలబడింది. చెంగల్రాయుడు పళ్ళు బిగించి తొక్కాడు. సైకిలు అటూ ఇటూ వంకర్లు పోయింది. అతని ఎడమ చెయ్యి, పాపం, అలవాటు కొద్దీ గాల్లోకి లేచి తాడు కోసం వెతికింది. అక్కడ తాడు లేదు. సైకిలు మెల్లగా, ఎంతో మర్యాదగా, అతన్ని రోడ్డు పక్క గడ్డిలో పడుకోబెట్టింది.

దెబ్బేమీ తగల్లేదు. లేచి కల్వర్టు గోడ మీద కూర్చుని ఆయాసపడుతూ ఉండగా కింది నుంచి ఒక అమ్మాయి సైకిలు మీద వచ్చింది. వచ్చి మలుపు ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. తర్వాత సైకిలు దిగి అతని దగ్గరికి వచ్చింది.

"చెంగల్రాయన్న అంటే మీరేనా? నా పేరు కుసుమ, మాది కడప. రేపు పందెంలో ఉన్నాను" అంది.

"నేనేమ్మా" అన్నాడతను బట్టలకంటిన గడ్డి దులుపుకుంటూ.

"కింద పోలీసాయన చెప్పినాడు, ఈ కొండ సంగతి ఏమడగాలన్నా మిమ్మల్నే అడగమని. నాకు ఈ మలుపు ఈ ఒక్కరోజే తెలుసు, మీకు ఏండ్ల నుంచీ తెలుసు. ఇప్పుడంటే ఒంట్లో సత్తువ ఉండి ఎక్కేస్తున్నా. రేపు మైదానమంతా తొక్కి, అలిసిపోయి ఇక్కడికి వస్తా. అప్పుడు ఏ గేరు పడుతుంది? సాయంత్రానికి మా మెకానిక్‌కు చెప్పాలన్నా. తప్పు పళ్ళచక్రం బిగిస్తే రేపు ఇక్కడే నిలబడిపోతా. ఏడాది కష్టమంతా పోతుంది."

చెంగల్రాయుడి నోట్లో మాట సిద్ధంగా ఉంది. 'మూడో గేరమ్మా, మూడో గేరులో వేసుకుని కళ్ళు మూసుకుని పోవడమే' అనేస్తే సరిపోయేది. ఆ అమ్మాయి దండం పెట్టి వెళ్ళిపోయేది. అతను గడ్డిలో పడడం కూడా ఆమె చూడలేదు. కానీ ఆమె అతని ముఖంలోకి చూస్తున్న తీరు అతన్ని ఇబ్బంది పెట్టింది. కొట్టుకు వచ్చి, చుట్టానికి ఇచ్చే బిందెను అతని మాట మీదే కొనుక్కుపోయేవాళ్ళు అలాగే చూస్తారు. ఆ చూపును అతను ఇన్నేళ్ళలో ఒక్కసారీ మోసం చేయలేదు.

"నేను ఈ మలుపు ఒక్కసారి కూడా ఎక్కలేదమ్మా" అన్నాడు మెల్లగా. "టమోటా లారీ తాడు పట్టుకుని పోయేవాణ్ణి. లారీ ఎక్కింది. నేను దాని వెనక వేలాడినా. ఊరంతా నేనే ఎక్కినానని చెప్పుకున్నా. ఏ గేరు పడుతుందో నాకు తెలీదు తల్లీ. తెలీనిది చెప్పి నీ పందెం పాడు చేయలేను."

చెప్పేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. కుసుమ గట్టిగా నవ్వేసింది. ఎగతాళి నవ్వు కాదది. ఆ నవ్వు చూసి అతనికీ నవ్వొచ్చింది.

"నాకు కొంచెం అనుమానం వచ్చిందన్నా" అంది ఆమె, అతని సైకిలు వెనక చక్రం వైపు చూపిస్తూ. "చూడండి, ఈ పెద్ద పళ్ళచక్రం కొండలెక్కేదానికే. మిగతావన్నీ నల్లబడినాయి. ఇదొక్కటీ అంగట్లోంచి తెచ్చినట్టే మెరుస్తా ఉంది. చైను దీని మీదికి ఒక్కసారి కూడా పోలేదు."

స్టీలు మెరుపు చూసి సరుకు వయసు చెప్పే చెంగల్రాయుడు, సొంత సైకిలు మెరుపును మాత్రం ఇన్నాళ్ళూ గమనించలేదు.

"మేము కూడా సాయం లేకుండా గెలవమన్నా" అంది కుసుమ కల్వర్టు మీద కూర్చుంటూ. "మా జట్టులో అమ్మాయిలు నా ముందు వరసగా తొక్కుతారు. ఎదురుగాలంతా వాళ్ళే తింటారు. వాళ్ళ వెనక నేను దాక్కుని వచ్చి, చివర్లో బయటికొస్తా. గెలిస్తే అందరూ నా పేరే చెప్తారు. అందుకే మైకు ఇస్తే నేను ముందు వాళ్ళ పేర్లు చెప్తా. అది మాలో పద్ధతి. అయితే లారీని పట్టుకుంటే మాత్రం పందెంలోంచి ఇంటికి పంపిస్తారు. ఇంటికి పంపడం పోనీయండి, తాడు జారితే చక్రం కింద పడతారు. మళ్ళీ ఆ పని చేయొద్దన్నా."

"చేయనమ్మా" అన్నాడు చెంగల్రాయుడు.

"అయితే నాకొక సాయం చేయండి. రేపు నేను ఇక్కడికి వచ్చేసరికి సరిగ్గా మీ మాదిరే అలిసిపోయి ఉంటా. మీరు ఆ పెద్ద చక్రం మీద ఎక్కండి, నేను చూస్తా."

చెంగల్రాయుడు ఎక్కాడు. సగం దాకా వచ్చి ఆగిపోయాడు. కొంచెం ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కాడు. ఈసారి సగం దాటాడు. కుసుమ అతని పక్కనే నడుస్తూ అతని మోకాళ్ళను, చైనును ఒక డాక్టరు చూసినట్టు చూసింది. ఇంకోసారి ప్రయత్నించి, మలుపు కొసకు కొంచెం ఇవతల, ఇక నా వల్ల కాదని దిగిపోయాడు.

"తెలిసిపోయింది" అంది కుసుమ ఉషారుగా. "మా వాళ్ళు చిన్నది చాలంటున్నారు. పెద్దదే బిగించమంటా. చాలా మేలు చేసినారన్నా" అని సైకిలెక్కి పైకి వెళ్ళిపోయింది.

చెంగల్రాయుడు మిగిలిన ఆ కాస్త మలుపూ సైకిలు తోసుకుంటూ నడిచాడు. మలుపు దాటాక మళ్ళీ ఎక్కి, ఆగుతూ సాగుతూ, చెమటలు కక్కుతూ తొక్కాడు. కింద తాగిన టీ రుచి ఎప్పుడో పోయింది. నోట్లో ఉప్పు తప్ప ఏమీ లేదు. అయినా చిత్రంగా మనసు తేలిగ్గా ఉంది. ఇప్పుడు తొక్కుతున్న ప్రతి గజమూ తనదేనని అతనికి తెలుసు.

పైన అప్పటికే ఆటగాళ్ళందరూ వచ్చేశారు. గెలుపు గీత దగ్గర ఊరంతా నిలబడి ఉంది. చివరి వంపులో చెంగల్రాయుడు కనపడగానే ఈలలు, చప్పట్లు మిన్నుముట్టాయి. హారిక, ఆమె క్లాసు పిల్లలు గీత దాకా పరిగెత్తుకొచ్చారు. నిర్వాహకుడు మైకులో, "వచ్చేశారు, మన గుర్రాలమిట్ట చెంగల్రాయుడు గారు వచ్చేశారు. రేపు జెండా ఊపే గౌరవం వారిదే" అని ప్రకటించి, ఎర్రంచు తెల్ల జెండా ఒకటి అతని చేతిలో పెట్టబోయాడు.

ఎద్దుల మలుపు దగ్గర ఏం జరిగిందో అక్కడ ఒక్క కుసుమకే తెలుసు. ఆమె దూరంగా నిలబడి అరటిపండు తింటోంది. చెప్పే రకం కాదు. జెండా చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది. చెంగల్రాయుడు కూతురి ముఖం చూశాడు. తీసుకుందామనే అనిపించింది, అబద్ధమెందుకు. చెయ్యి కొంచెం లేచింది కూడా. 'సొమ్ము ఎవరిది సామీ?' అని తను ఆ అండా పెద్దమనిషిని అడిగిన మాట అప్పుడు తన గొంతుతోనే తనకు వినపడింది.

జెండా వదిలేసి మైకు తీసుకున్నాడు.

"నేను ఎద్దుల మలుపులో దిగినా. నడిచి వచ్చినా" అన్నాడు. "ఈరోజే కాదు, ఎప్పుడూ ఆ మలుపు నేను ఎక్కలేదు. ప్రతి ఆదివారం మస్తాన్ లారీ తాడు పట్టుకుని పైకొచ్చినా. టీ రుచి పోకముందే పైనుంటానని చెప్తిని కదా, ఆ బిరబిరా అంతా లారీది. గొప్ప నాదని చెప్పుకున్నా. తప్పయిపోయింది."

రెండు రోజులు లారీకి సెలవు కాబట్టి పందెం చూడ్డానికి వచ్చిన మస్తాన్ ముందుకొచ్చాడు.

"నేనెవరికీ చెప్పలేదన్నా" అన్నాడు కంగారుగా, తనే ఏదో తప్పు చేసినట్టు.

"అదే మస్తానూ నా బాధ. నువ్వు చెప్పలేదు, నేనూ నీ పేరు చెప్పలేదు" అన్నాడు చెంగల్రాయుడు.

ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. అది పక్కవాళ్ళకు అంటుకుంది. చూస్తుండగానే కొండ మీద జనమంతా పొట్ట పట్టుకుని నవ్వసాగారు. ఆశ్చర్యం ఏమిటంటే ఆ నవ్వులో చెంగల్రాయుడికి అవమానం అనిపించలేదు. గొప్పలు చెప్పినప్పుడు వెనక నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఎదురుగా, అతనితో కలిసి నవ్వుతున్నారు.

హారిక మాత్రం నవ్వలేదు. మూతి ముడుచుకుని తండ్రి దగ్గరికొచ్చింది.

"మరి మా క్లాసులో ఇప్పుడు నేనేం చెప్పాల?" అంది.

చెంగల్రాయుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నిలబడే ఓపిక కూడా లేదు లెండి.

"ఇన్నాళ్ళూ లారీ ఎక్కించిందని చెప్పు. ఈరోజు మటుకు, ఒక్క ముక్క తప్ప, మా నాన్నే ఎక్కినాడని చెప్పు" అన్నాడు.

హారిక కాసేపు ఆలోచించింది. "ఎంత ముక్క?" అని అడిగింది.

"మన ఇంటి నుంచి కొట్టుకున్నంత."

"అంతేనా?" అంది హారిక. అంత చిన్న ముక్క పెద్ద లెక్కలోది కాదని తోచిందేమో, తండ్రి హెల్మెట్టు తీసి తన నెత్తిన పెట్టుకుంది. సుభాషిణి ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. అలాంటి టీ అతను పుట్టి బుద్ధెరిగాక తాగలేదు.

ఇక జెండా ఎవరికివ్వాలో నిర్వాహకుడికి తోచలేదు. దిగకుండా ఎక్కిన ఊరివాళ్ళు ఒక్కరూ లేరు మరి.

"మస్తాన్‌కివ్వండి" అన్నాడు చెంగల్రాయుడు. "ఈ ఊళ్ళో ఆ మలుపును నిజంగా ఎక్కేది అతని బండే."

అందరూ చప్పట్లు కొట్టారు. మస్తాన్ సిగ్గుపడుతూ జెండా తీసుకుని, "జెండాకు రెండు చివర్లుంటాయి కదన్నా. రేపు నువ్వు కూడా ఒక చివర పట్టుకో. పట్టుకునేది నీకు అలవాటే గదా" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

మర్నాడు పందెం చూసి తీరాల్సిందే. మైదానం నుంచి గుంపుగా వచ్చిన ఆడపిల్లల జట్లు ఎద్దుల మలుపు దగ్గరికి వచ్చేసరికి చెల్లాచెదురైపోయాయట. చిన్న చక్రాలు బిగించుకున్నవాళ్ళు వంకర్లు పోతూ ఆగిపోతుంటే, కుసుమ కూర్చున్న చోటి నుంచి లేవకుండా, గిర్రున తొక్కుతూ వాళ్ళ పక్క నుంచి దాటిపోయిందట. పైన గీత దగ్గర చెరో చివరా పట్టుకున్న మస్తాన్, చెంగల్రాయుడు జెండాను ఎంత గట్టిగా ఊపారంటే అంచు కుట్లు ఊడాయి. మొదట గీత దాటింది కుసుమే.

మైకు ఇవ్వగానే ఆమె ముందు తన జట్టు అమ్మాయిల పేర్లు చెప్పింది. తర్వాత, "ఎద్దుల మలుపు దగ్గర 'నాకు తెలీదు' అని నిజం చెప్పిన చెంగల్రాయన్న వల్ల గెలిచాను" అంది. గొప్పలు చెప్పి చెప్పి అలిసిపోయిన చెంగల్రాయుడు, ఆ ఒక్క మాట వినేసరికి జెండా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం కొట్టు తెరిచాడు. బల్ల మీద బిందె అలాగే ఉంది. స్టీలు మీద వేసిన పేరు మళ్ళీ పోదు. గీకితే మచ్చ పడుతుంది. కానీ పైన వదిలిన ఖాళీ ఉంది కదా. చెంగల్రాయుడు మిషను తీసి, గుర్రుమనిపిస్తూ, ఆ ఖాళీలో మూడు మాటలు చేర్చాడు. ఇప్పుడు ఆ బిందె మీద 'మస్తాన్ లారీ సాయంతో జింకలకొండ ఎక్కిన చెంగల్రాయుడు' అని ఉంటుంది. దాన్ని కొండ కింద టీ కొట్టు దగ్గర, లారీ డ్రైవర్లు మంచినీళ్ళు తాగడానికి పెట్టించాడు. రోజూ నీళ్ళు నింపే పూచీ కూడా తనే తీసుకున్నాడు.

ఇప్పటికీ ఆదివారం పూట అతను కొండెక్కుతాడు. ఎద్దుల మలుపులో పెద్ద చక్రం మీద ఆపసోపాలు పడుతుంటే మస్తాన్ లారీ పక్కకు వచ్చి, "తాడేమన్నా కావాల్నా అన్నా?" అని కేకేస్తాడు. "నీ తాడూ వద్దు, నీ పొగా వద్దు, ముందుకు పోబ్బా" అంటాడు చెంగల్రాయుడు. ఒక్కో ఆదివారం ఆ మలుపు కొసదాకా ఎక్కేస్తాడు. ఒక్కోసారి దిగి నడుస్తాడు. కొట్టుకొచ్చి ఏది జరిగితే అదే చెప్తాడు. మునుపటి కంటే ఇప్పుడే జనం ఎక్కువ ఇష్టంగా వింటున్నారు. ఆ పెద్ద పళ్ళచక్రం కూడా మిగతావాటిలాగే నల్లబడింది.

నీతి: ఒకరి సాయం తీసుకోవడం తప్పు కాదు; సాయం చేసినవారి పేరు దాచి ఆ గొప్పంతా మనదేనని చెప్పుకోవడమే తప్పు.